లంగరు వేయని చోటు

ఇబ్రహీంపట్నం చెరువులో కట్టకు దూరంగా మా యూనివర్సిటీ పరిశోధన పడవ ఆగింది. అడుగు మట్టి తీసి పరీక్షించాలి. మా సిద్ధార్థ సార్ తెరమీద లోతు చూసి లంగరు వేయమన్నాడు. పడవ నడిపే ఎల్లేశ్ కదల్లేదు.

"ఈడ వద్దు సార్. ఈడ మా బిడ్డ ఉన్నది."

ఫొటోలు తీసుకుంటున్న విద్యార్థులం ఫోన్లు దించేశాం. సార్ గొంతు తగ్గించాడు.

"ఎప్పుడు మునిగిపోయింది?"

"మునగలే సార్. జరమొచ్చి పానం పోయింది. మా బొందలగడ్డను ప్లాట్లమ్మే వెంచరోళ్లు గుంజుకున్నరు. ఇంక యాడ పెట్టాలె? ఎండిన చెరువులనే బొంద పెట్టినం. తర్వాత వానలు పడి చెరువు నిండింది. ఊరంత కట్టమీద యాటలు కోసి పండుగ జేసుకున్నది."

ఆ పండుగ ఫొటో మా రిపోర్టు అట్టమీదే ఉంది. దాని కింద ‘చెరువుకు ప్రాణం వచ్చింది’ అని రాసింది నేనే.

"సరే ఎల్లేశ్, కొంచెం పక్కకు పోదాం. ఎక్కడ వేద్దామో నువ్వే చెప్పు" అన్నాడు సార్.

ఎల్లేశ్ నీళ్లమీదుగా చెయ్యి చాచి చూపించాడు.

"యాడ ఏసినా ఒక్కటే సార్. గీ పక్కంత మావోళ్లే."