ఓర్పమ్మ పట్టిక

ఓర్పమ్మ బడి ఆఫీసు కిటికీ అద్దం పక్కకు జరిపేసరికి బయట అప్పటికే ఏడుగురు నిలబడి ఉన్నారు. కిటికీ ఎనిమిదిన్నరకు తెరుస్తామని అద్దం మీదే రాసి ఉంటుంది. ఫారాలు ఇచ్చే ఆఖరి రోజున ఆ రాతను ఎవరూ లెక్కచేయరు, ఆవిడ కూడా చేయదు. తేదీ ముద్రలోని చక్రాన్ని ఒక పన్ను ముందుకు తిప్పి, చిత్తుకాగితం మీద రెండుసార్లు కొట్టి చూసుకుంది. బొటనవేలికి అంటిన ఊదా సిరాను గుడ్డకు తుడుచుకుని, "రండి, ముందెవరు?" అంది.

"నేనే" అని ముగ్గురు అన్నారు.

ఆ గది వెడల్పు ఎంతంటే, కుర్చీ వెనక్కి జరిపితే బీరువాకు తగులుతుంది. బీరువా తలుపు తీయాలంటే కుర్చీని బల్ల కిందికి తోయాలి. రెండూ ఒకేసారి కుదరవు కాబట్టే ఆవిడకు తొందరపాటు అలవాటు కాలేదని ఆఫీసులో వేళాకోళం. మనిషి పొట్టి. కిటికీ ఎత్తుకు అందడానికి కుర్చీ మీద రెండు పాత టెలిఫోన్ డైరెక్టరీలు వేసుకుని కూర్చుంటుంది. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించి మాట్లాడీ మాట్లాడీ ఎడమ భుజం కాస్త కిందికి దిగింది. ఇరవై ఆరేళ్ల ఉద్యోగం ఇవాళ సాయంత్రం నాలుగింటితో పూర్తవుతుంది. సభలూ దండలూ వద్దని ముందే చెప్పేసింది. ఫారాల చివరి తేదీ, తన చివరి రోజు ఒకటే అయ్యేలా చూడమని మాత్రం అడిగింది.

ఓర్పమ్మ అన్నది అసలు పేరు కాదు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనబడదు. ఈ పేరు రావడానికి కారణం కిటికీ పక్కన గోడకు వేలాడే పట్టిక. పది పాసై పదకొండులో చేరే పిల్లలకు ఆ బడిలో పైచదువుకు మూడు దారులున్నాయి: విడి పేపర్లు, రెండేళ్ల కోర్సు, కాలేజీ క్లాసులు. ఆ మూడింటినీ పక్కపక్కన పెట్టి పోల్చిన పట్టిక అది. పెద్దక్షరాలతో అచ్చువేసి, అద్దం బిగించి, తల్లిదండ్రుల కళ్ల ఎత్తులో మేకు కొట్టారు. అందరూ దాని ముందు నిలబడి చదువుతారు. చదివాక మళ్లీ వచ్చి ఆవిడనే అడుగుతారు.

"విడి పేపర్లంటే, మీ వాడికి ఏ సబ్జెక్టు బాగా వస్తే అది ఒక్కటే పైస్థాయిలో చదవొచ్చు" అని ఆవిడ ఒక తల్లికి ఇవాళ పదకొండోసారి చెప్పింది. "ఒకటైనా సరే, నాలుగైనా సరే. ఏడాది చివర పరీక్ష. మంచి మార్కు వస్తే కాలేజీలో ఆ క్లాసులో మళ్లీ కూర్చోనక్కర్లేదు. రెండేళ్ల కోర్సంటే అంతా ఒకే మూట. ఆరు సబ్జెక్టులు, ఒక పెద్ద వ్యాసం, బయట సేవాపని. ఎక్కడి కాలేజీ అయినా గౌరవిస్తుంది. కానీ ఒక ముడి ఊడితే మూటంతా ఊడుతుంది. కాలేజీ క్లాసులంటే వారానికి రెండు రోజులు బస్సెక్కి కాలేజీకే వెళ్లి పెద్దవాళ్ల మధ్య కూర్చోవడం. ఆ మార్కులు దగ్గరి కాలేజీల్లో చెల్లుతాయి. దూరపు వాళ్లు ఒప్పుకుంటారో లేదో ముందే అడిగి తెలుసుకోవాలి."

"ఇందులో ఏది మంచిదండీ?" అని ఆ తల్లి అడిగింది. అందరూ అడిగేదే.

"మంచిది అనే వరస పట్టికలో లేదమ్మా."

ఈ జవాబు కూడా ఆ పట్టికంత పాతదే. ఇది తీసుకోండి అని ఆవిడ ఒక్కరికీ చెప్పి ఎరగదు. కొందరు బతిమాలారు. ఒకాయన పళ్లబుట్ట తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆవిడ ఆ బుట్టను ఆయన చేతికే తిరిగిచ్చి, పట్టిక మళ్లీ మొదటి నుంచి చదివి వినిపించింది.

పట్టికలో చివరి వరస పేరు "ఎవరికి తగినది". విడి పేపర్ల కింద "ఇష్టమైన సబ్జెక్టు ఉన్నవారికి" అని ఉంటుంది. కాలేజీ క్లాసుల కింద "సొంతంగా తిరగగలవారికి". రెండేళ్ల కోర్సు కింద "ఓర్పు ఉన్నవారికి".

అది అచ్చుతప్పు. ఇప్పుడా బడిలో సంగతి ఆవిడకొక్కదానికే తెలుసు.

పదకొండేళ్ల కిందట అప్పటి హెడ్మాస్టరు, అందరూ పెద్దసారు అనేవారు, తన గొలుసుకట్టు రాతలో పట్టిక రాసిచ్చి టైపు చేయమన్నాడు. ఆయన రాసింది "నేర్పు ఉన్నవారికి" అని. ఆ రోజు పొద్దున్నే ఆవిడ ఇంట్లో కూతురు పుస్తకాల సంచీ భుజానికి తగిలించుకోకుండా గుమ్మంలో నిలబడి, "అమ్మా, నావల్ల కావట్లేదు" అంది. అప్పటికి ఆ పిల్ల రెండేళ్ల కోర్సులో ఆరు నెలలు చదివింది. చేర్పించింది తల్లే. బస్సు తప్పిపోతుందన్న హడావిడిలో, "కాస్త ఓర్చుకోవే" అనేసి, చెప్పులేసుకుని వచ్చేసింది. ఆఫీసుకొచ్చి టైపు చేస్తుంటే నేర్పు ఉండాల్సిన చోట వేళ్లు ఓర్పు కొట్టాయి. పెద్దసారు చదవకుండానే సంతకం పెట్టాడు. అచ్చై, అద్దంలో బిగించి, గోడకెక్కాక ఆవిడ చూసుకుంది.

మర్నాడే చెప్పేద్దామనుకుంది. ఆ మర్నాడే తల్లిదండ్రుల సమావేశం. ఒక పెద్దాయన లేచి, ఏ బడిలోనూ తెలివి గురించి తప్ప ఓర్పు గురించి చెప్పేవాళ్లు కనబడలేదనీ, ఈ ఒక్క మాట కోసమే తన మనవణ్ణి ఇక్కడ చేర్పిస్తున్నాననీ అన్నాడు. చప్పట్లు మోగాయి. ఆ మాట తాను రాయలేదని పెద్దసారుకు బాగా తెలుసు. అయినా మీసం సవరించుకుని, "అందులో మా ఆఫీసువాళ్ల చెయ్యి కూడా ఉంది" అని ఆవిడ వైపు చూపించాడు. మళ్లీ చప్పట్లు. అలా ఆవిడ ఓర్పమ్మ అయింది. తనకు చప్పట్లు కొట్టించిన తప్పును ఎవరు మాత్రం దిద్దుకోగలరు? కూతురు ఆ కోర్సు పూర్తిచేయలేదు. రెండో ఏడాది పరీక్షలకు నెల ముందు మానేసి ఇంట్లో కూర్చుంది. ఆ తర్వాత కళ్లజోళ్ల పని నేర్చుకుని, ఇప్పుడు సొంతంగా దుకాణం నడుపుతోంది. బాగానే ఉంది. రోజూ ఫోన్ చేస్తుంది, తల్లిని నవ్విస్తుంది. ఆ కోర్సు ఊసు మాత్రం ఇద్దరూ ఎత్తరు.

పదకొండింటికి కౌన్సెలరు, పిల్లలకు చదువుల సలహాలిచ్చే కుర్రపిల్ల, రెండు కప్పుల టీ పట్టుకుని వచ్చింది. ఉద్యోగంలో చేరి రెండేళ్లయింది, మనిషి చురుకు. రేపటి నుంచి పట్టిక తీసేస్తారట. కంప్యూటరే పిల్లల్ని నలభై ప్రశ్నలడిగి, ఎవరికి ఏది తగునో చెప్పేస్తుందట.

"నలభయ్యా? నన్ను మాత్రం అందరూ ఒక్కటే అడిగారు తల్లీ" అంది ఓర్పమ్మ.

"మీరు దానికీ జవాబు చెప్పలేదుగా" అని ఆ పిల్ల నవ్వింది. ఓర్పమ్మ కూడా నవ్వి టీ తాగింది. ఆ పిల్లంటే ఆవిడకు ముద్దు.

మధ్యాహ్నానికి జనం పలచబడ్డారు. మూడుంపావుకు ఒక తండ్రీ కూతురూ వచ్చారు. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. చొక్కా జేబు మీద కంపెనీ ముద్ర ఉంది. గోళ్ల సందుల్లో గ్రీజు ఎంత కడిగినా పోనట్టుంది. ఫారం మడత పడకుండా అట్ట మధ్య పెట్టి తెచ్చాడు. విడి పేపర్లకు టిక్కు పెట్టి ఉంది. "ఎంచుకోవడానికి కారణం" అన్న చోట గుండ్రటి అక్షరాలతో రాశాడు: అమ్మాయికి ఓర్పు లేదు.

ఓర్పమ్మ ముద్ర ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆగింది.

"అమ్మాయి సంతకం లేదేంటండీ?"

"పెడుతుందండి. పెట్టమ్మా" అన్నాడాయన. పిల్ల పట్టిక వైపు తిరిగి నిలబడింది, కదల్లేదు. ఆయన కిటికీలోకి వంగి గొంతు తగ్గించాడు. "రెండేళ్ల కోర్సు కావాలంటుందండీ. నాకూ ఇష్టమే. కానీ మీరు అక్కడ స్పష్టంగా రాశారు కదా, ఓర్పు ఉన్నవాళ్లకని. దీనికి అది బొత్తిగా లేదు. నేను బాగుచేసిన లిఫ్టే, అది వచ్చేదాకా కూడా ఆగదండీ, మెట్లెక్కి పోతుంది. మూడుసార్లొచ్చి చదివాను ఆ పట్టిక. రాసినవాళ్లు ఊరికే రాయరు కదా."

పిల్ల వెనక్కి తిరిగింది. "ఆ ఓర్పు ఎలా కొలుస్తారండీ?"

మంచిది అనే వరస పట్టికలో లేదన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఇంకో ముప్పావుగంటలో కిటికీ మూసేస్తారు. తర్వాత ఈ ఎంపికను రెండేళ్ల కోర్సుకు మార్చడానికి వీల్లేదు. ముద్ర కొట్టేస్తే తన పని అయిపోతుంది, ఇంటికి పోవచ్చు. కానీ తాను కొట్టిన ఒక తప్పక్షరం ఈ పిల్ల రెండేళ్లను తేల్చేస్తోంది. ఈ పదకొండేళ్లలో ఇంకెంతమందివి తేల్చిందో. ముద్ర కింద పెట్టేసింది.

"అది అచ్చుతప్పండీ" అంది. "అక్కడ ఉండాల్సిన మాట నేర్పు. నేనే తప్పు కొట్టాను."

ఆయన పట్టిక వైపు చూశాడు, ఆవిడ వైపు చూశాడు. "ఎప్పటినుంచి?"

"పదకొండేళ్ల నుంచి."

"ఎవరికీ చెప్పలేదా?"

"మీకే చెప్పడం."

ఆయన ఫారం మీద తాను రాసిన కారణం మళ్లీ చదువుకున్నాడు. ఆపైన, "నేర్పంటే ఉందండీ" అన్నాడు. ఆ అనడంలో దాచుకోలేని గర్వం ఉంది. "నేర్పుకేం లోటు లేదు."

"నువ్వు ఆ కోర్సే ఎందుకు కావాలంటున్నావమ్మా?" అని ఓర్పమ్మ పిల్లనడిగింది. ఈ కిటికీలోంచి ఆవిడ ఒక పిల్లను ఆ ప్రశ్న అడగడం ఇదే మొదలు.

"దాంట్లోనే పెద్ద వ్యాసం ఉందండీ. మనకు నచ్చిన దాని మీద రాసుకోవచ్చంట" అంది ఆ పిల్ల. "లిఫ్టు కోసం నిలబడినవాళ్లు మీట రెండోసారి ఎందుకు నొక్కుతారు, దాని మీద రాస్తాను."

"రెండోసారి నొక్కితే తొందరగా రాదే" అన్నాడు తండ్రి.

"అదే నాన్నా. రాదని అందరికీ తెలుసు, అయినా నొక్కుతారు. నువ్వు కూడా నొక్కుతావు. నేను చూశాను."

ఇరవై ఏళ్లుగా లిఫ్టులతోనే బతుకుతున్న మనిషి. తన పనిలో అడగాల్సిన ప్రశ్న ఒకటి ఉందని ఆయనకు ఇప్పటిదాకా తోచలేదు. కిటికీ వైపు తిరిగి మెల్లగా అడిగాడు. "మీ అమ్మాయే అయితే ఏం చెప్పేవారండీ?"

"మా అమ్మాయిని ఆ కోర్సులోనే వేశానండీ. తనకేం కావాలో అడగలేదు, వేసేశాను. మీ అమ్మాయి తనే అడుగుతోంది. రెండూ ఒకటి కాదు." ఆవిడ గొంతు సవరించుకుంది. "కష్టం మాత్రం కష్టమే. నిద్ర చాలదు. మొదట్లో ఏడుస్తుంది కూడా. కానీ ఇంకో సంగతుంది. మరీ మోయలేకపోతే మొదటి ఏడాది చివర విడి పేపర్లలోకి మారిపోవచ్చు. చదివింది వృథా కాదు. చోటు చాలక పట్టికలో పెట్టలేదు గానీ, అడిగినవాళ్లందరికీ చెప్తాను."

చెప్పి ఆగింది. అందరికీ చెప్పిన ఆ సంగతిని చెప్పాల్సిన మనిషికి చెప్పలేదు. కోర్సు మారితే నలుగురూ ఏమనుకుంటారో అని చెప్పలేదు. కళ్లు చెమర్చాయి, ఆవిడ దాచుకోలేదు.

ఆయన కొత్త ఫారం అడిగాడు. బల్లకు ఆనుకుని నిలబడే నింపాడు. కారణం అన్న చోటికి వచ్చాక పెన్ను కూతురి చేతికిచ్చాడు. ఆ పిల్ల చకచకా రెండు వాక్యాలు రాసి సంతకం గీకింది. నాలుగుకు పది నిమిషాలుండగా ఓర్పమ్మ ముద్ర కొట్టింది. ఆయన లిఫ్టు దగ్గర ఆగాడు, పిల్ల అప్పటికే మెట్లు దిగిపోయింది.

నాలుగింటికి అద్దం మూసి గడియ పెట్టింది. ఫారాలు కట్టగట్టి కౌన్సెలరు పిల్లకు అప్పజెప్పి, అచ్చుతప్పు సంగతి ఆమెకూ చెప్పింది. ఆ పిల్ల ఆవిడను గట్టిగా కౌగిలించుకుని వెళ్లిపోయింది. ఓర్పమ్మ సొరుగులు ఖాళీ చేస్తుండగా కూతురు వచ్చింది, తల్లిని బండి మీద ఇంటికి తీసుకెళ్లడానికి.

"అయిపోయిందా అమ్మా?"

"అయిపోయింది. ఒక మాట." ఓర్పమ్మ కూర్చున్నచోటి నుంచి లేవలేదు. "ఆ రోజుల్లో నువ్వు విడి పేపర్లలోకి మారే వీలుండేది. నీకు చెప్పలేదు."

కూతురు తల్లి కళ్లజోడు తీసి, వదులైన కాలును వెలుగుకేసి చూసింది. చేతిసంచీలోంచి చిన్న స్క్రూడ్రైవరు తీసి మర బిగించసాగింది.

"తెలుసమ్మా. క్లాసులో అందరికీ తెలుసు."

"మరి అడగలేదేం?"

"ఓర్చుకోమన్నావుగా" అంది కూతురు. కోపమేమీ లేదు ఆ గొంతులో. కళ్లజోడు తుడిచి తల్లి ముక్కు మీద పెట్టి, రెండు చెవుల వెనకా సరిచేసింది. "నాకూ ఆ మాట నచ్చింది, కొన్నాళ్లు. ఇప్పుడు సరిగ్గా కనబడుతోందా?"

"కనబడుతోంది" అంది ఓర్పమ్మ, కూతురి ముఖాన్నే చూస్తూ. ఆ చేతిని తన చేతుల్లోకి తీసుకుని, "తప్పు నాదే" అంది. కూతురు ఆ చెయ్యి వదిలించుకోలేదు. కాసేపయ్యాక ఆ చేత్తోనే తల్లిని లేవదీసింది.

ఆఖరి సొరుగు మూలన ఒక చిన్న సీసా దొర్లింది. కూతురు తీసి చూసి, "ఇదేంటి, వైట్‌నరా?" అంది.

"ఆ పట్టిక గోడకెక్కిన రోజు సాయంత్రమే కొన్నాను."

కూతురు సీసాను చెవి దగ్గర పెట్టుకుని ఆడించింది. చప్పుడు రాలేదు. దాన్ని బల్ల మీద పెట్టి, తల్లి సంచీ భుజానికి తగిలించుకుంది. ఇద్దరూ దీపం ఆర్పి బయటికి నడిచారు. ఖాళీ బల్ల మీద, ఊదా సిరా మరకల మధ్య, లోపల రాయిలా గడ్డకట్టిన ఆ వైట్‌నర్ సీసా, మూతకు చుట్టిన కంపెనీ కాగితం ఇంకా చిరగకుండానే ఉండిపోయింది.