పోణంగి చిదంబరముగారి నియమము

ప్రచండ మార్తాండ కిరణ సంతప్తమై సముద్రపు గాలి సైతము స్తంభించిపోగా నిర్మానుష్యములైన వీథులతో కాకినాడ పట్టణము వైశాఖ మధ్యాహ్నమున కనులు మూసికొని పడియుండెను. అట్టి వేళ నొక దినపత్రికా కార్యాలయపు మేడమీద క్రీడావిభాగమున మాత్రము ఒక వనిత కాలు గాలిన పిల్లివలె ఈ మూలనుండి యా మూలకు తిరుగుచుండెను. ఆమె పేరు కాత్యాయని. ఆ పత్రికకు ఆటల వార్తలు వ్రాయునది. ఆమె బల్లపై నొకే మనుష్యుని గూర్చి తాను వ్రాసిన వ్యాసములు రెండుండెను. వానిలో నొకదానిని సాయంకాలములోపల అచ్చుకూటమునకు పంపవలెను. ఏది పంపుటయో తోచక ఆమెకు కాలుసేతు లాడకుండెను.

ఆ మనుష్యుడు ఆ పత్రికకే క్రీడావిలేఖరియై గతవారము స్వర్గస్థుడైన పోణంగి చిదంబరముగారు. ఆయన కలము పట్టుటకు ముందు మన క్రీడావార్త లెట్లుండెడివో చదువరు లెఱుగరా? ఒక జట్టు ఘనవిజయము సాధించెననియు వేఱొక జట్టు పరాజయము పాలయ్యెననియు వ్రాసి అంకెలు తగిలించి విలేఖరులు చేతులు దులుపుకొనెడివారు. అట్టి చప్పిడి కూటిలో తొలుత ఊరగాయ వడ్డించిన పుణ్యాత్ము డాయనయే. పత్రికలవారికి వేసిన కుర్చీల నొల్లక ఎండలో జనుల నడుమ చతికిలబడెడివాడు. బంతి తనవైపు రాక విసిగి గోలుకంబము నానుకొని ప్రేక్షకులతో తన పెండ్లిసంబంధమును గూర్చి మంతనములాడు గోలుకీపరును గూర్చి ఆయన వ్రాసినప్పుడు జిల్లా జిల్లాయంతయు కడుపు చెక్కలగునట్లు నవ్వెను. ఆ గోలుకీపరునకు సంబంధము కూడ కుదిరెను.

ఆయన ననుకరింపబోయి పడుచు విలేఖరు లనేకులు ఆటగాండ్రను వెక్కిరించుట నేర్చిరే కాని ఆయన నియమ మొక్కటి వారికి పట్టువడలేదు. ఎవనిపై హాస్యము వ్రాసిన వానికే ముందుగా చదివి వినిపించును. వాడు నవ్వెనా అచ్చునకు; నవ్వడా చెత్తబుట్టకు. ఓడిన ఆటగానిని వెదకుకొనుచు కాగితములు చేతబట్టి ఆయన బస్టాండులకును ఆసుపత్రులకును సైతము పోయెడివాడు. కాత్యాయని యుద్యోగమున చేరిన క్రొత్తలో ఒక వస్తాదుపై నాలుగు పంక్తులు వ్రాయగా ఆమెను వాడు కుస్తీ నేర్పు తాలింఖానాకు తరిమినవా డాయనయే. ఆ మహాకాయుడు నవ్వువఱకు పాపమామె ప్రాణము లఱచేత బెట్టుకొని నిలిచియుండెను.

ఇప్పుడామె వ్రాసిన మొదటి వ్యాసమున క్రీడాలోకము మూగవోయెను, తీరని లోటేర్పడెను, అశ్రుతర్పణము విడువబడెను. ఛీ! దానిని పేరు మార్చి ఏ పురపాలక సంఘాధ్యక్షునకైనను అతికింపవచ్చును గదా! రెండవది ఆయన వలెనే నవ్వునది. దానిని చదివి సంపాదకులైన ఉమామహేశ్వరముగారు కండ్లజోడు తీసి తల యూపిరి.

"చూడమ్మా కాత్యాయనీ, మనిషి పోయి పట్టుమని పది రోజులు కాలేదు. ఆ ఇంట్లో వాళ్ళు ఏడుస్తూంటే మన పేపరు చూసి ఊరంతా నవ్వాలా? బాగుండదు. మొదటిదే ఇచ్చెయ్యి."

"ఆ ఇంటివాళ్ళే ఒప్పుకుంటేనండీ?"

"ఒప్పుకుంటే నిక్షేపంగా వేస్తా. కానీ ఏ మొహం పెట్టుకుని అడుగుతావు?"

"ఆయనకి చదివి వినిపిద్దామంటే ఆయన లేరు కదండీ. పిన్నిగారికే వినిపిస్తాను."

అని పలికినదే కాని రిక్షా కదలినది మొదలు ఆమెకు సందేహము పట్టుకొనెను. భర్తను పోగొట్టుకొని మూలగూర్చున్న యిల్లాలి యెదుట హాస్యము చదువుటా! ఎవరైన విన్న నేమందురు? రెండుమాఱులు రిక్షా త్రిప్పుమని నోటిదాక వచ్చిన మాటను ఆమె మ్రింగివేసెను.

చిదంబరముగారి భార్య మాణిక్యాంబగారు గోడకానుకొని కూర్చుండియుండెను. చుట్టును బంధుస్త్రీలు. కాత్యాయని వచ్చిన పని చెప్పగా ఆ యిల్లాలు ఆమె చేతి కాగితముల వంక చూచి "చదువమ్మా" అనెను.

కాత్యాయని కాగితములు విప్పి చదువసాగెను. అత్తవారి యూర కబడ్డీ పందెములు జరుగుచుండగా క్రొత్తయల్లుడైన చిదంబరముగారు గుత్తివంకాయ కూరతో కంఠముదాక భుజించి గీత ప్రక్కనే కునుకు తీయుచుండిరట. కూతకు వచ్చినవాడు తూలి ఆయనను తాకెను. చూపు మందగించిన అంపైరు ఆయనయు ఆటగాడే యనుకొని చేయెత్తి "ఔట్" అనెను. చిదంబరముగారు కిమ్మనక లేచి కండువా దులుపుకొని ఔటయినవారి వరుసలో చివర కూర్చుండిరి. తన జట్టువారు పాయింట్లు తెచ్చి ఔటయినవారి నొక్కొక్కరినే బ్రతికించుచుండగా ఓపికతో వేచియుండిరి. తుదకు నాయకుడు వచ్చి లెండనగా లేచి జనులకు నమస్కరించిరి.

ఎవరును నవ్వలేదు. చిదంబరముగారి యప్పగారికి అరికాలి మంట నెత్తి కెక్కెను. "ఇదేం చోద్యమమ్మా! పరామర్శకొచ్చి పరాచికాలా?"

కాత్యాయని కాగితములు మడవబోవుచుండగా మాణిక్యాంబగారు చేయి చాపి యాపెను.

"ఆగు. తప్పు రాశావు."

"ఏది పిన్నిగారూ?"

"నాయకుడొచ్చి లేపాడన్నావే, అది. ఎవడూ రాలేదమ్మా. వాళ్ళు గెలిచిన సంబరంలో ఈయన్ని మరిచిపోయి ఇళ్ళకి చక్కా పోయారు. ఈయనేమో, నేనింకా ఔటేనని, పొద్దుగుంకేదాకా అక్కడే కూర్చున్నారు! చివరికి నేనే వెళ్ళి చెయ్యి పట్టుకుని..."

ఇక నామెకు నవ్వాగలేదు. కొంగు నోట గ్రుక్కుకొన్నను ఆగలేదు. "చెయ్యి పట్టుకుని, మీరు బతికారండీ, లేచి ఇంటికి రండి అన్నాను" అని యెట్లో ముగించి తన మాట తన చెవిని బడగానే చప్పున నిలిచిపోయెను. ఆ పిమ్మట ఆమె కన్నీరు కారుచుండగనే మరల నవ్వెను.

"ఏమిటే మాణిక్యం!" అని యప్పగారు గద్దింపబోగా "నవ్వనీయండి వదినగారూ. ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో చావే ఉంది కాని ఆయన లేరు" అని లేచి తానే ఫోనందుకొనెను.

"ఉమామహేశ్వరంగారా? ఆ అమ్మాయి రాసింది వేయండి. నేను చెప్పింది కూడా కలిపి వేయండి. ఏడుపు మా ఇంట్లో కావలసినంత ఉంది బాబూ."

కాత్యాయని యక్కడనే కూర్చుండి నాలుగు పంక్తులు కొట్టివేసి ఆమె మాటలు చేర్చెను. శోకగృహమున సెలవు తీసికొనుట యాచారము కాదు గనుక మాటాడక వెడలెను. అప్పటికి ఆ యప్పగారే కండ్లు తుడుచుకొనుచు "వాడు చిన్నప్పుడేం చేశాడనుకున్నారు..." అని యేదో మొదలుపెట్టెను.

వీథిమలుపు చేరకమునుపే ఆ యింటినుండి పదిమంది నవ్వు ఒక్కమాఱుగా వినవచ్చెను. అది విని కాత్యాయని మండుటెండలో నడివీథిని నిలిచి గురువు పోయిన పిమ్మట తొలిసారిగా వెక్కివెక్కి యేడ్చెను.