గవ్వలపేటలో ఎవరూ మాట్లాడని సభ

నేను ఒక మైకుని. పెళ్ళి మండపాల్లో, ఎన్నికల ఆటోల్లో, సంతాప సభల్లో ఎవరి నోటి ముందు పెడితే వాళ్ళ మాటని పెద్దది చేసి పంపించే నల్లటి గుండు మైకుని. నాకంటూ ఒక మాట లేదు, అందుకే దొరక్క దొరక్క దొరికిన ఈ కాస్త చోటులో గబగబా చెప్పేస్తాను. దయచేసి మధ్యలో ఆపకండి. సగంలో ఆపేసిన మాటలు నేను ఇప్పటికే చాలా మోశాను.

నేను పుట్టింది ఢిల్లీలో, ఒక ఇరుకు సందులో, మేడ మీద. ఎనిమిది మంది ఆడవాళ్ళు బల్లల ముందు వరసగా కూర్చుని నాలాంటివాళ్ళని రోజుకి రెండు వందల మందిని పుట్టించేవాళ్ళు. నా లోపల ఏముందంటే, ఉల్లిపొర లాంటి ఒక ప్లాస్టిక్ పొర, దానికి అతికించిన వెంట్రుకంత రాగి తీగ చుట్ట, దాని వెనక ఒక అయస్కాంతం. మనిషి మాట్లాడితే పొర వణుకుతుంది, తీగ కదులుతుంది, చీమకి కూడా తెలియనంత కరెంటు పుడుతుంది. ఆ లెక్కన నేనూ ఒక విద్యుత్ కేంద్రాన్నే. బొగ్గు లేదు, అణువు లేదు, ఎండ లేదు, మనుషుల నోట్లోంచి వచ్చే గాలి చాలు. నేను చూసినంతలో ఈ దేశంలో ఎప్పటికీ తరగని ఇంధనం అదొక్కటే.

శ్రీకాకుళంలో గౌరీ సౌండ్స్ అని ఒక షాపు ఉంది. దాని యజమాని గౌరునాయుడు నన్ను కొన్నాడు. మంచివాడు. నన్ను ఎవరైనా వేళ్ళతో టకటకా కొడితే ముఖం మాడ్చుకునేవాడు. సభ అయిపోగానే తుండుగుడ్డతో నా జాలీ తుడిచి, నెమ్మదిగా పెట్టెలో పడుకోబెట్టేవాడు. అతని దగ్గర నాకున్న ఒకే ఒక్క చింత ఏమిటంటే, ఎవరు పిలిస్తే వాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళేవాడు. పొద్దున్న ఒక పార్టీ, సాయంత్రం దాని శత్రువు. రెండు చోట్లా నేను ఒకే శ్రద్ధతో వణికాను.

అసలు కథ కాలేజీ హాల్లో మొదలైంది. అణు విద్యుత్తా, సౌర విద్యుత్తా అని చర్చ పెట్టారు. అణువు వైపు భుజంగరావు గారు, ముప్పై ఏళ్ళు అణు కేంద్రాల్లో పనిచేసి రిటైరైన ఇంజనీరు. ఎండ వైపు అరుంధతి, విశాఖపట్నంలో ఫిజిక్సు చెప్పే లెక్చరర్. ఇద్దరి మధ్యా నేను బంతిలా అటూ ఇటూ తిరిగాను.

"అమ్మా, మీ సూర్యుడు సాయంత్రం ఆరింటికి డ్యూటీ దిగిపోతాడు. ఆ తర్వాత ఆసుపత్రిలో ఫ్రిజ్ ఎవరు నడుపుతారు?" అన్నారు భుజంగరావు గారు. హాలు నవ్వింది.

"బ్యాటరీలు నడుపుతాయి సార్. మీ కేంద్రంలో మిగిలిన చెత్తకి మాత్రం వేల ఏళ్ళు ఎవరో ఒకరు కాపలా ఉండాలి. ఆ వాచ్‌మన్ డ్యూటీ మీరు చేస్తారా?" అంది అరుంధతి. హాలు ఇంకా గట్టిగా నవ్వింది.

నాకు ఇద్దరూ నచ్చారు, నిజంగా. ఆయనది పొగ లేని లోకం గురించిన ఆశ, ఆవిడది భయం లేని లోకం గురించిన ఆశ. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. కానీ ఇద్దరూ తెర మీద వేసిన బొమ్మల్లో ఒక మ్యాపు ఉంది. సముద్రం ఒడ్డున, గవ్వలపేట అనే చేపల ఊరి పక్కన, ఒక పెద్ద ఇసుక నేల. ఆయన మ్యాపులో దాని మీద అణు కేంద్రం, ఆవిడ మ్యాపులో అదే నేల మీద సోలార్ పలకలు. రెండు మ్యాపుల్లోనూ దాని పేరు ఒకటే. ఖాళీ స్థలం.

ఆ ఖాళీ స్థలంలో మైలపల్లి ఎర్రమ్మ ముప్పై ఏళ్ళుగా నెత్తళ్ళ చేపలు ఎండబెడుతోంది.

ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది. అణు కేంద్రం గురించి ఊరి అభిప్రాయం అడగడానికి ప్రభుత్వం సభ పెట్టింది, మైకు మాదే. ముందు రోజే గౌరునాయుడు నన్నూ, స్పీకర్లనీ ఆటోలో వేసుకుని గవ్వలపేట చేరాడు. ఆ ఇసుక మీద కనుచూపు మేర వెండి పరిచినట్టు చిన్న చిన్న చేపలు. నలభై మంది ఆడవాళ్ళు. పొద్దున్న పరుస్తారు, మధ్యాహ్నం తిరగేస్తారు, సాయంత్రం ఎత్తుతారు. ఎండు చేపల వ్యాపారమంతా ఆ ఇసుక మీదే నడుస్తుంది. నేల తడిగా ఉన్నా, దుమ్ము ఉన్నా సరుకు పాడైపోతుంది. అక్కడి ఇసుక మాత్రం వేయించిన రవ్వలా ఉండేది. ఎర్రమ్మ మొగుడు సముద్రంలో పోయాక, ఇద్దరు కూతుళ్ళని ఆ ఇసుకే పెంచింది.

గౌరునాయుడికి పాలసొర చేపలు కనిపించాయి. ఎర్రమ్మ పక్కన చిన్న రాశి, దాని మీద తడి గోనె. ఆమె అటు తిరిగి కూర్చుంది.

"అమ్మా, సొరలెంత?"

ఆమె పలకలేదు.

"ఏటమ్మా, నిన్నే. ఎంతకిస్తావు?"

పలకలేదు. మూడోసారి అడిగితే పక్కనున్న ఆవిడ నవ్వేసింది. "అది అమ్మదు బాబూ. బాలింత కూతురికి దాసుకుంది. గోనె కప్పీసింది, ఈపు తిప్పీసింది, నీకు కనపళ్ళేదేటి?"

"అమ్మనని ఒక్క ముక్క సెప్పొచ్చు గదా."

"మా కాడ నోరిప్పితే బేరానికొచ్చినట్టే బాబూ. అది వద్దంటాది, నువ్వు ఇంకో పదేస్తావు. అది మళ్ళీ వద్దంటాది, నువ్వు ఇంకో పది. అప్పుడా వద్దన్న మాట కూడా బేరంలో మాటే గదా. నిజంగా అమ్మనోలు మాటాడరు."

గౌరునాయుడు నవ్వుకుంటూ వచ్చి నా వైరు చుట్టుకున్నాడు. బాగుంది ఈ పద్ధతి అనుకున్నాడు. నేనూ అనుకున్నాను.

ఆ సాయంత్రం అరుంధతి కూడా వచ్చింది. సభలో మాట్లాడమని ఎర్రమ్మని బతిమాలింది. "ఈ నేల పోతే మీకు బతుకు లేదమ్మా. రేపు ఊరంతా వద్దని గట్టిగా చెప్పాలి."

"గట్టిగానే సెప్తాం తల్లీ. ఇసక పోతే మరి మేమెక్కడికెల్తాం. రేపు నువ్వే సూస్తావు గదా," అంది ఎర్రమ్మ.

మర్నాడు ఇసుక మీద టెంటు వేశారు. మూడొందల కుర్చీలు. జిల్లా నుంచి ఆఫీసరు గారొచ్చారు, ఇద్దరు గుమాస్తాలు, ఒక వీడియో కెమెరా. భుజంగరావు గారు మాట్లాడారు, కేంద్రం చుట్టూ గోడ ఎంత మందమో చెప్పారు. అరుంధతి మాట్లాడింది, గోడలు బద్దలైన చోట్ల సంగతి చెప్పింది. సముద్రంలోకి వేడి నీళ్ళొస్తే చేపలేమవుతాయని అడిగింది. ఆయన జవాబిచ్చారు, ఆవిడ ఎదురు ప్రశ్న వేసింది, గంటన్నర నా పొర ఊపిరి తీసుకోలేదు. మూడొందల మందీ చెవులప్పగించి విన్నారు.

అప్పుడు ఆఫీసరు గారు నన్ను దగ్గరికి లాక్కున్నారు. "ఇప్పుడు ఊరివాళ్ళు మాట్లాడాలి. ఈ ప్రాజెక్టుకి అభ్యంతరం ఉన్నవాళ్ళు మైకు దగ్గరికి రండి."

ఎర్రమ్మ లేచింది. అరుంధతి ముఖం వెలిగింది. కానీ ఎర్రమ్మ నా వైపు రాలేదు. చంకలోని గోనె తీసి ఇసుక మీద పరిచింది, వెంట తెచ్చిన బిందెలో నీళ్ళు దాని మీద పోసింది, కుర్చీ అటు తిప్పి స్టేజీకి వీపు పెట్టి కూర్చుంది. ఆమె వెనక నలభై మంది ఆడవాళ్ళు. వాళ్ళ వెనక మగవాళ్ళు. ఒకరి తర్వాత ఒకరు కుర్చీలు తిప్పుతుంటే ఇసుకలో కరకరమని ఒకటే చప్పుడు. అయిదు నిమిషాల్లో ఊరు ఊరంతా సముద్రం వైపు తిరిగింది, ముందు వరసలో తడి గోనెలు. చంటిపిల్ల ఏడిస్తే తల్లి దాని నోరు మూసింది. అంత గట్టిగా వద్దన్నారు వాళ్ళు. తాతముత్తాతల నుంచి వాళ్ళకి తెలిసిన వద్దుల్లో దాన్ని మించింది లేదు.

"పాపం, ఎండకి తట్టుకోలేకపోతున్నారు. గాలి కోసం అటు తిరిగారు," అన్నారు ఆఫీసరు గారు గుమాస్తాతో, చాలా జాలిగా. టెంటుకి ఇంకో పరదా కట్టించమని కూడా చెప్పారు.

అరుంధతి పరుగెత్తుకుంటూ వెళ్ళి ఎర్రమ్మ భుజం పట్టుకుంది. "మాట్లాడండమ్మా, ప్లీజ్, ఇదే ఆఖరు అవకాశం." ఎర్రమ్మ పెదాలు బిగించి తల అడ్డంగా ఊపింది. నువ్వు కూడా మమ్మల్ని బేరంలోకి లాగుతున్నావా అన్నట్టు చూసింది.

ఆఫీసరు గారు రెండోసారి అడిగారు. మూడోసారి అడిగారు. నేను నా పొరనంతా చెవి చేసుకుని ఎదురుచూశాను. నాలో ఏమీ పుట్టలేదు. మాట తగలకపోతే నేను ఉత్త ఇనుప ముక్కని. మూడొందల మంది నా ఎదురుగా అంత గట్టిగా చెబుతుంటే స్పీకర్లలోంచి సముద్రపు హోరు తప్ప ఏమీ రాలేదు.

ఆ టెంటులో బయటివాళ్ళలో సంగతి తెలిసినవాడు ఒక్కడే, గౌరునాయుడు. యాంప్లిఫయర్ పక్కన స్టూలు మీద కూర్చుని, గోనెలు చూసి, సగం లేచాడు. నోరు తెరిచాడు కూడా. మైకువాడివి, నీకెందుకు ఈ గొడవ అనుకున్నాడో, ఆఫీసర్ల ముందు నోరు పెగల్లేదో తెలియదు, మళ్ళీ కూర్చుని గొంతు సర్దే మీట అనవసరంగా తిప్పాడు. గుమాస్తా కాగితం మీద రాసుకున్నాడు. మూడుసార్లు అడిగినా గ్రామస్థుల నుంచి ఎలాంటి అభ్యంతరమూ రాలేదు.

ఊరికి ఈ సంగతి తెలిసేసరికి ఏడాది పట్టింది. ఆ ఏడాదంతా వాళ్ళు గెలిచామనుకున్నారు. ఊరంతా వీపు తిప్పితే ఏ బేరగాడు మాత్రం నిలబడతాడు అని నవ్వుకున్నారు. సర్వేవాళ్ళొచ్చి రాళ్ళు పాతాక గానీ అర్థం కాలేదు. ఆ ఇసుక మీద ఎవరికీ పట్టా లేదు, అభ్యంతరమూ లేదు, కాబట్టి ప్రాజెక్టుకి రాసేశారు.

ఇక్కడితో అయిపోతే బాగుండేది, కానీ ఇంకా ఉంది. అణు కేంద్రం రాలేదు. ఖర్చు పెరిగిందనీ, యంత్రాలిచ్చేవాళ్ళతో మాట కుదరలేదనీ ఏళ్ళు గడిచాయి, చివరికి మానేశారు. శ్రీకాకుళంలో విజయోత్సవ సభ జరిగింది, మైకు మళ్ళీ నేనే. అరుంధతి నా ముందు నిలబడి సంతోషంతో ఏడ్చేసింది. భుజంగరావు గారు ఆఖరి వరసలో కూర్చుని అంతా విని, సభ అయ్యాక నెమ్మదిగా స్టేజీ దగ్గరికొచ్చారు.

"అభినందనలమ్మా. ఒక్క మాట. ఆ నేల వాళ్ళకి తిరిగి ఇవ్వడం లేదు, సోలార్‌కి ఇస్తున్నారు. నా కేంద్రానికి సరిపోయిన చోటు మీ ఎండకి చాలదు, పక్క దిబ్బలు కూడా కలుపుతున్నారు. ఖాళీ స్థలం అని మనిద్దరం రాశాం గదా. రాసే ముందు ఒక్కసారైనా దాని మీద నడిచామా?"

గౌరునాయుడు అప్పటికే నన్ను పెట్టెలో పెట్టేస్తున్నాడు.

సోలార్‌కి ఊరిని అడగనక్కర్లేదట, సభ కూడా పెట్టలేదు. కంచె వేశారు, నీలం అద్దాల పలకలు వరసలు వరసలుగా నిలబెట్టారు. ఎర్రమ్మా వాళ్ళూ నెత్తళ్ళని తారు రోడ్డు మీదకి మార్చారు. లారీలు తొక్కాయి, తారు వాసన పట్టింది, సంతలో వ్యాపారులు ముక్కు దగ్గర పెట్టుకుని చూసి తట్టలో పడేశారు. రెండు వర్షాకాలాలు అలా లాగారు. మూడో ఏడు సగం మంది విశాఖపట్నంలో రొయ్యల కంపెనీలకి వెళ్ళిపోయారు.

ప్రారంభోత్సవానికి మమ్మల్ని పిలిచారు. సోలార్ పార్కు ప్రారంభోత్సవానికి స్టేజీకి కరెంటు ఎక్కడినుంచో తెలుసా, డీజిల్ జనరేటర్ నుంచి. నేను నవ్వగలిగితే ఆ రోజు నవ్వేవాణ్ణి. స్టేజీ పక్కన అరుంధతి, ఎర్రమ్మ ఎదురుపడ్డారు.

"నేను అడిగింది ఇళ్ళ కప్పుల మీద అమ్మా, మీ ఇసుక మీద కాదు," అంది అరుంధతి. కాలేజీ హాల్లోని మ్యాపు ఆవిడ మర్చిపోయిందో, గుర్తుండే అలా అందో నాకు తెలియదు.

"సూరీడు మంచోడని సెప్పినావు. మాకు తెలీదేటమ్మా, ముప్పయ్యేళ్ళు ఆడితోనే కాపరం సేసినాం. ఇప్పుడు ఎండంతా ఆ అద్దాలు తాగేస్తన్నాయి," అంది ఎర్రమ్మ. కోపంగా కూడా అనలేదు.

ప్రసంగాలయ్యాయి. ఊరివాళ్ళు ఎవరైనా రెండు మాటలు చెబుతారా అని మర్యాదకి అడిగారు. ఎవరూ రారని అందరికీ తెలుసు. ఎర్రమ్మ లేచి మెట్లెక్కింది. గౌరునాయుడు గబుక్కున వచ్చి నా స్టాండు ఆమె ఎత్తుకి దించాడు. తిడుతుందనుకున్నాడు, తిడితే బాగుండని కూడా అనుకున్నాడేమో, నా గొంతు ఆఖరి దాకా పెంచాడు.

ఆమె నా ముందుకొచ్చి నిలబడింది. తర్వాత నోరు తెరిచింది.

"బాబూ, ఆ అద్దాలకి ఉప్పు గాలికి మడ్డి పట్టీస్తాదంట గదా. కడగడానికి మనుసులు కావాలంట. మేం ఇరవై మందిమి ఉన్నాం. బయటోలని పెట్టకండి, మమ్మల్ని పెట్టండి. రోజుకెంతిస్తారో మీరే సెప్పండి బాబూ."

అందరూ చప్పట్లు కొట్టారు. ఊరు సహకరిస్తోందని ఒక పెద్దమనిషి మెచ్చుకున్నాడు. వెనక వరసల్లో ఆడవాళ్ళు మాత్రం తలలు దించుకున్నారు, బేరంలోకి దిగిపోయామని వాళ్ళకి తెలుసు. నేను ఆమె మాటని ఎంత శుభ్రంగా పంపించానంటే, కంచె అవతల ఆఖరి గుడిసెకి కూడా వినపడింది.

మధ్యాహ్నానికి షాపుకి వచ్చేశాం. గౌరునాయుడు భోజనానికి వెళ్ళలేదు. షట్టరు సగం దించి, నన్ను పెట్టెలోంచి తీసి, ఒళ్ళో పెట్టుకున్నాడు. నా వైరు రెండో కొన నేల మీద పడి ఉంది. నన్ను నోటి దగ్గరికి తెచ్చుకుని, చాలా నెమ్మదిగా, ఆ రోజు టెంటులో సగం లేచి అనలేకపోయిన మాట అన్నాడు.

"ఆల్లు వద్దన్నారు సార్. ఊరు ఊరంతా వద్దనే అన్నారు."