రాణి, శేఖర్ ఎనిమిదో పుస్తకం

పోచంపల్లిలో గోపయ్య మగ్గాల ఇంటికి చీరల డిజైన్లు గీసిచ్చే దిల్షాద్, మిగిలిన గళ్ల కాగితాలను కుట్టి బొమ్మల కథ గీసేది. కాలేజీకి పోయే రాణి, అదే బస్సెక్కే శేఖర్, వాళ్ల ప్రేమ. ఏడు పుస్తకాలయ్యాయి. అక్కడ నూలు కండెలు చుట్టే ఆడవాళ్లు వంతులేసుకుని చదివేవారు.

ఆ రాణి ఎవరో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనేవారు కాదు. తమతో కండెలు చుట్టే సైదమ్మను చేసుకుంటానని మూడేళ్లు తిరిగిన యాదగిరి, పోయిన నెల రామన్నపేటలో వేరే పిల్లను చేసుకున్నాడు.

"పుస్తకంలనన్న కలుపే," అంది సైదమ్మ. "నీ చేతిల పనే గద."

"చూస్త," అంది దిల్షాద్.

ఇద్దరినీ కలిపి మూడుసార్లు గీసింది. మూడుసార్లూ శేఖర్ పెండ్లి పత్రిక మీది పెండ్లికొడుకులా ప్రాణం లేకుండా వచ్చాడు. సైదమ్మ అడిగిన తొమ్మిదో రోజున ఆఖరి పేజీలో ఎడమ సగం మాత్రమే గీసింది: బస్టాండు అరుగు మీద రాణి, కుడి పక్కకు తిరిగి కూచుని. కుడి సగం ఖాళీ. అక్కడ ఎవరూ లేరు, అంతే. ఇది చూసి సైదమ్మ తనతో మాట మానేస్తుందనుకుంది. అయినా పుస్తకం ఆడవాళ్లకు ఇచ్చేసింది.

మధ్యాహ్నం గోపయ్య వాకిట్లో గుర్వమ్మ ఆఖరి పేజీ తెరిచి దూరంగా పట్టుకుంది.

"సగమే గీసినవేంది బిడ్డా? ఓ, మడత డిజైనా!"

చీర డిజైను సగమే గీస్తారు. రెండో సగం అద్దంలోలా అదే వస్తుంది గనుక దారానికి ముడులు కట్టేవాళ్లు మనసులోనే మడుచుకుంటారు. నలభై ఏళ్లుగా ఆ పని చేసిన గుర్వమ్మ ఈ బొమ్మనూ అలాగే మడిచింది.

"గట్లయితే అటు దిక్కు గూడ రాణే వస్తది గదవ్వా," అంది కండె చుడుతున్న మారెమ్మ. "ఇద్దరు రాణీలు! శేఖర్‌కు బస్సు దొరకనట్టున్నది."

అందరూ నవ్వారు. సైదమ్మ నవ్వలేదు. రాట్నం ఆపి పుస్తకం లాక్కుని, ఖాళీ సగాన్ని చాలాసేపు చూసింది.

మడత కాదు, ఖాళీయే అని దిల్షాద్ చెప్పబోయింది. నోటిదాకా వచ్చింది.

"ఎదురుంగ కూసున్నది ఎవరే? నువ్వా?" అంది సైదమ్మ.

దిల్షాద్ వచ్చి ఆమె ఎదురుగా కూచుంది.

"నీ ముక్కు గింత మంచిగ లేదు తియ్," అంటూ సైదమ్మ పుస్తకాన్ని కండెల బుట్టలో అడుగున పెట్టుకుంది.

"ఇయ్యాల నా వంతే!" అని కేకేసింది గుర్వమ్మ.

"రేపు సదువుకో అవ్వా. నాకు జర పనున్నది దీంతోని."

లోపల గోపయ్య డిజైను కోసం పిలుస్తున్నాడు. దిల్షాద్ లేచి వెళ్లింది.