నాలుగు గంటల నవ్వు

ఇబ్రహీంపట్నంలో అంగన్‌వాడీ టీచరు రేణుక కోడిబొమ్మను చేతికి తొడుక్కుందంటే, గుక్కపట్టి ఏడ్చే పిల్లలు కూడా నోరు తెరిచి చూసేవారు. ఆ సంగతి విని కేబుల్ చానల్ నడిపే రత్నాకర్ ఆమెను పిలిచాడు. బొంగులూరు దగ్గర ప్లాట్లు అమ్మేవాళ్లు నమూనాకు కట్టి వదిలేసిన ఇంట్లో నీలం గుడ్డ వేలాడదీసి, రెండేళ్ల పిల్లల కోసం 'బుజ్జికోడి' అనే కార్యక్రమం తీయడం మొదలుపెట్టారు.

ఆ వయసు పిల్లలు చెప్పినట్టు నవ్వరు. తెచ్చినవాళ్లంతా లైట్లకు జడిసి ఏడ్చారు. చివరికి రేణుక తన కూతురు పూజితను కూర్చోబెట్టింది. కోడి తుమ్మింది. పూజిత వెల్లకిలా పడి నవ్వింది.

"అక్కా, చెంప మీద గా నల్లబొట్టు మచ్చ లెక్క కొడుతున్నది. జర తుడువు," అన్నాడు రత్నాకర్.

పొద్దున అత్త రుక్మాబాయి పెట్టిన దిష్టిచుక్క అది. రేణుక కొంగుతో తుడిచింది. కోడి మళ్లీ తుమ్మింది. ఆ రెండో నవ్వునే ప్రతి భాగంలోనూ వాడుకున్నారు.

'బుజ్జికోడి' రోజూ సాయంత్రం నాలుగింటికి వచ్చేది. తుక్కుగూడ నుంచి ఒకామె ఫోన్ చేసి, ఆ నవ్వు వినపడితే తప్ప మా వాడు ముద్ద మింగడం లేదని చెప్పింది. బస్సెక్కితే ఎవరెవరో పూజిత బుగ్గలు పుణికేవారు.

"టీవీ పిల్ల గదా! ఏం టీచరమ్మా, ఎన్నటికి తగ్గదా మీ కోడి సర్ది? దవాఖానల సూపియ్యరాదు!" అనేవాడు కండక్టర్.

వానాకాలంలో పూజితకు జ్వరం వచ్చింది. మెదడుకు ఎక్కిందన్నారు. నాలుగు రోజులే బతికింది.

పదకొండో రోజు పక్కింటి టీవీలోంచి ఆ నవ్వు వినిపించింది. రుక్మాబాయి చెవులు మూసుకుంది.

"బొట్టు తుడిచి ఊరందరి కండ్లల్ల పెడితివి. ఇంకెన్ని దినాలు నవ్విపిస్తరే దాన్ని? తీసెయ్యమను!"

దిష్టిని రేణుక నమ్మదు. తుడిచిన చెయ్యి మాత్రం తనదే.

నెల రోజులు ఆ మాటను మోసి, చివరికి బొంగులూరు వెళ్లి ఆ నవ్వు తీసెయ్యమంది.

"ఇంకోపారి ఆలోచన చెయ్యి అక్కా," అన్నాడు రత్నాకర్. "మాకు టేపులు తక్కువ. దాని మీదనే ఇంకో పిల్లది ఎక్కిస్తం. పోయిందంటే మళ్ల రాదు."

పూజిత కదులుతూ కనిపించేది ఆ టేపుల్లోనే. ఒక్కసారి వేసి చూపమని అడగబోయి రేణుక ఆగింది. చూస్తే, మళ్లీ ఆ మాట నోట రాదు.

"ఎక్కియ్యి," అంది.

సోమవారం నుంచి కొత్త పిల్ల అన్నారు. ఆ రోజు అత్తకు ఆ మాట చెప్పాలని పెందలాడే ఇంటికి వచ్చింది. టీవీ మోగుతోంది. దాని ముందు రుక్మాబాయి నిలబడి ఉంది, పిడికిట్లో ఉప్పూ ఎండుమిరపకాయలూ పట్టుకుని.

కోడలిని చూసి తడబడింది. "దినాం దిష్టి తీస్తున్న, నువ్వు సెంటర్‌కు పోయినంక. బతికున్నప్పుడు తియ్యకపోతిని. నెల సంది ఒక్కనాడన్న దగ్గు రాలే రేణుకా."

దిష్టి తగిలి ఉంటే కాలిన మిరపకాయకు ఘాటు ఉండదంటారు.

రేణుక నోరు తెరిచేలోగా కోడి తుమ్మింది. ఎవరో పిల్ల నవ్వింది. రుక్మాబాయి చెయ్యి గాలిలోనే నిలిచిపోయింది.

"గీ పిల్లెవలు? మన పిల్లేది?"

"నువ్వే తీసెయ్యమంటివి గదా అత్తా. తీపిచ్చిన. టేపు మీద వేరేది ఎక్కిచ్చిండ్రు."

"మళ్ల రాదా?"

"రాదు."

రుక్మాబాయి వంగి తెర మీది పిల్ల చెంప చూసింది.

"దీనికి గూడ చుక్క లేదు," అంది.

పిడికిలి మూడుసార్లు తిప్పి, పెరట్లో పొయ్యి దగ్గరికి నడిచింది. రేణుక వెంట వెళ్లింది. ఉప్పు చిటపటలాడింది. మిరపకాయలు నల్లబడ్డాయి. కాసేపటికి ఘాటు లేచి రుక్మాబాయి దగ్గింది, తర్వాత రేణుక దగ్గింది.

"ఆ పిల్లకేం లేదు," అంది రుక్మాబాయి, కళ్ల నీళ్లు కారుతుండగా.

పొగ ముఖాలకు కొడుతున్నా ఇద్దరూ పొయ్యి దగ్గర నుంచి జరగలేదు.