తామూ డాబా మీదుగా

మా మావయ్య చెప్పులు కుట్టే గది ఒక సందులో, అమ్మే కొట్టు వెనక సందులో. కొట్టులో ఎవరైనా పసుపు చెప్పులు ఫలానా సైజు అడిగితే, మావయ్య మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కి దిగి, చూసి రావాలి. పోయిన వారం తడి మెట్టు మీద జారిపడ్డారు. గదిలో ఉన్న సరుకు లెక్క కొట్టులోనే కనిపించేలా రెండు చోట్లా ఉన్న కంప్యూటర్లను కలిపేయాలని మా ఆయన అనస్ అప్పుడు తేల్చుకున్నాడు.

ముందు వైఫై పెట్టె తెచ్చాడు. మా ఊరు ఫెజ్‌లో పాతబస్తీ గోడలు మూరెడు మందం. సిగ్నల్ రెండో గది దాటలేదు.

"ఫోన్ సిమ్ములతో కలపొచ్చు, కానీ ఈ సందుల్లో అదీ వస్తూ పోతూ ఉంటుంది. తీగే మేలు. డాబాల మీదుగా లాగేద్దాం" అన్నాడు కొత్తబస్తీ నుంచి వచ్చిన మెకానిక్ యూనెస్. అంటూనే నిచ్చెనెక్కాడు. మధ్యాహ్నం పూట డాబాలు ఆడవాళ్లవని అతనికెవరు చెప్పాలి? నాలుగు వైపులా కేకలు. నెత్తిన సబ్బునీళ్లతో దిగొచ్చాడు పాపం. నాకు నవ్వాగలేదు.

ఇక తీగ మేమే లాగాలి. మధ్యలో ఉన్నది పక్కింటి తామూ వాళ్ల డాబా. అసలు చిక్కు అక్కడే. మా అత్తయ్య ఘీతా, తామూ ఒకప్పుడు ఒకరిని విడిచి ఒకరు ఉండేవాళ్లు కాదు. ఒకసారి మేం చెప్పుల కోసం ఆరేసిన తోళ్ల రంగు కారి, తామూ కూతురి పెళ్లి బట్టల మీద పడింది. "దండెం అవతల కట్టుకోవాల్సింది" అంది అత్తయ్య. అంతే, మాటల్లేవు.

"మీరే అడగాలి, అత్తయ్యా."

"దాని మొహం చూడను. ఆ సిమ్ములేవో పెట్టించుకోండి."

"మావయ్య మళ్లీ పడితే?"

నన్ను కొరకొరా చూసి, తీగచుట్ట భుజాన వేసుకుని పైకెళ్లింది. వెనకే నేను.

పిట్టగోడ అవతల తామూ బట్టలు మడతపెడుతోంది. అత్తయ్య దగ్గింది.

"ఏంటి?" అంది తామూ, తలెత్తకుండానే.

"తీగ. నీ డాబా మీదుగా పోవాలి. ఆయన మోకాళ్లు బాగాలేవు."

తామూ వచ్చి తీగను వేళ్లతో నలిపి చూసింది. "రంగు కారదు కదా?"



"కారితే నేనే ఉతుకుతా" అంది అత్తయ్య. "అప్పుడే ఉతకాల్సింది."

"ఉతికినా పోదులే. నేను చూశాగా. ఇటివ్వు ఆ చివర."

కింద నుంచి యూనెస్ "బిగించారా అమ్మా?" అని అరుస్తూనే ఉన్నాడు. తీగ పిట్టగోడ మీద వదులుగా పడుంది. చెరో చివరా ఇద్దరి చేతుల్లో ఉంది. తామూ తన మనవరాలికి పళ్లొస్తున్న సంగతి చెబుతోంది. ఇంకా చాలాసేపు పడుతుందని కిందికి కేకేశాను.