గాజు పిన్ని ఆఖరి ప్రాక్టికల్

గాజు పిన్ని ఫ్లాస్కుని వెలుతురుకెత్తి చూసింది. శుభ్రపడిన గాజు మీద నీళ్లు పల్చటి పొరలా జారిపోవాలి. ఎక్కడైనా చుక్కగా నిలిచిందంటే జిడ్డు మిగిలినట్టే. అడుగున ఒక చుక్క నిలిచింది. మళ్లీ బ్రష్షు అందుకుంది.

యూనివర్సిటీ కెమిస్ట్రీ ల్యాబులో ముప్పై ఒక్క ఏళ్లుగా ఆమెకిదే పని, పిల్లలు పెట్టిన పేరే గాజు పిన్ని. అక్క ప్రసవానికి వెళ్తే ఆమె బదులు రెండు నెలలకని వచ్చింది. అక్క తిరిగి రాలేదు, ఈమె వెళ్లలేదు. వేళ్లు నీళ్లలో నానినాని ముడతలు పడ్డాయి. కుడి బొటనవేలి మీద పాత యాసిడ్ మచ్చ. సాయంత్రం ఇంటికెళ్తే దర్జీ మొగుడు, "నీకంటే ముందు నీ వాసనొస్తుందే, తలుపు తీసి ఉంచడానికి వీలుగా ఉంది," అని ఏడిపిస్తాడు.

ఇవాళ్టితో ఉద్యోగం అయిపోతుంది. "హడావిడేం వద్దు సార్," అని ల్యాబు మాస్టారికి ముందే చెప్పుకుంది.

మధ్యాహ్నం రెండో సంవత్సరం పిల్లల ప్రాక్టికల్. ముడి పొడిని వేడి ద్రావణిలో కరిగించి, వడగట్టి, చల్లార్చి, స్వచ్ఛమైన స్ఫటికాలు రాబట్టాలి. అందరికీ వచ్చాయి, కిటికీ దగ్గరి అమ్మాయికి తప్ప. ఆమెకీ ప్రయోగం ఇప్పటికే రెండుసార్లు పోయింది. ఇవాళా పోతే కోర్సంతా మళ్లీ మొదటికే. మంచులో పెట్టిన ఫ్లాస్కులో ద్రవం మంచినీళ్లలా తేటగా ఉంది.

"రావట్లేదు పిన్నీ." అమ్మాయి రికార్డు మూసేసింది. "నాకీ చదువు అచ్చిరాలేదు. మానేసి ఇంటికి పోతాను."

"ద్రావణి ఎంత పోశావు?"

"కాస్త ఎక్కువైందనుకుంటా."

"అయితే మరిగించి తగ్గించు. చల్లారాక గాజుకడ్డీతో లోపలి గోడ గీకు. గట్టిగా కాదు, పిల్లి తలుపు గీకినట్టు."

అమ్మాయి గీకింది. పదిసార్లు, ఇరవైసార్లు. చెయ్యి లాగుతున్నా ఆపలేదు. ఉన్నట్టుండి కడ్డీ కొస దగ్గర తెల్లటి నలుసొకటి మెరిసింది. చూస్తుండగానే ఫ్లాస్కంతా దూదిపింజల్లా నిండిపోయింది. అమ్మాయి పైకే నవ్వేసింది.

మాస్టారు వచ్చి చూశారు. "గీకితే ఎందుకొచ్చాయి?"

అమ్మాయి పిన్ని వైపు చూసింది.

"నన్ను చూస్తావేంటి? ఇన్నేళ్లూ గీకమని చెప్పడమే. ఎందుకో నేనెవర్నీ అడగలేదు."

అమ్మాయి ఫ్లాస్కు గోడని వేలితో చూపించింది. "గీసినచోట గరుకవుతుంది కదా సార్. మొదటి నలుసు కుదురుకోడానికి చోటు దొరుకుతుంది. అది కుదిరితే మిగతావి దాన్ని పట్టుకుని పెరుగుతాయి."

మాస్టారు రికార్డులో సంతకం పెట్టి ముందుకు కదిలారు.

"అంతేనా!" పిన్ని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. "నా మాట మహిమ అనుకున్నానే ఇన్నాళ్లూ."

పిల్లలు వెళ్లాక ఫ్లాస్కులన్నీ కడిగి బోర్లించింది. తాళాలు మాస్టారి బల్ల మీద పెట్టింది. ఎండ ఇంకా ఉండగానే, దారి పొడుగునా "మొదటి నలుసు కుదరాలి" అని లోలోపల వల్లె వేసుకుంటూ నడిచింది. ఇవాళ మొగుడికి చెప్పడానికి కొత్త కబురుంది.

మర్నాడు ఆ పనిలోకి వచ్చినామె మంచి పొడగరి. సింకు ముందు నిలబడబోతే కాలికేదో తగిలింది. వంగి చూస్తే చెక్కపీట. నీళ్లకి నల్లబడి, రెండు పాదాల మేర గుంటలు పడి, నున్నగా అరిగి ఉంది.